పెరుగు గ్రామమునకు ఉమ్మడి వనము



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము మనకు క్రొత్తది కాదు. ఊరిలో బాటసారికి నీడయు, పిల్లలకు ఆటస్థలమును, వృద్ధులకు విశ్రాంతియు నొసగు ఉమ్మడి వనమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. పట్టణవాసులు దీనిని పార్కు అందురు. మన పెద్దలు తోపనిరి. సంస్కృతమున ఆరామమనియు, ఉపవనమనియు వ్యవహారము. పేరేదైనను ప్రయోజన మొక్కటియే.

“మా యూరి చుట్టును పొలములే గదా! మాకు పార్కెందులకు?” అని మీలో కొందరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని పొలము దాని యజమానిది. పంటకాలమున దానిలో నడుగిడరాదు. కోత ముగిసిన పిదప వేసవిలో నక్కడ నీడ లేదు. మఱియు మీ యూరు ఇరువది యేండ్ల క్రింద నెంత యుండెనో, నేడెంత యున్నదో ఒకసారి తలచుకొనుడు. బాట వెడల్పయినది. బాటకిరువైపుల అంగళ్లు వెలసినవి. నిన్నటి వరిమళ్లలో నేడు ప్లాట్ల రాళ్లు పాతియున్నవి. గ్రామము పట్టణమగునప్పుడు మొదట మాయమగునది ఎవరి సొంతమును గాని నేలయే. సొంతభూమికి కావలివాడుండును, అందరి భూమికి ఎవడును కావలి కాడు. నేను చెప్పదలచిన ముఖ్యాంశ మిదియే: ఊరు పెరుగక మునుపే ఉమ్మడి నేలను గుర్తించి, కాగితముపై నెక్కించి, కాపాడుకొనవలెను. చెట్టును ఎప్పుడైనను నాటవచ్చును. చెట్టు పెరుగును గాని నేల పెరుగదు.

ఈ మాట నేను పుస్తకములవలన మాత్రమే నేర్చుకొన్నది కాదు. నా తప్పువలన నేర్చుకొంటిని. నేను చిరకాలము ఉపాధ్యాయుడుగా నుండిన యొక గ్రామమున పాఠశాల ప్రక్కనే నాలుగెకరముల చింతతోపు కలదు. మధ్యాహ్నపు విరామమున పిల్లలందే ఆడుకొనువారు. వేసవిలో పశువులును, బండ్లవారును, సంతకు వచ్చినవారును ఆ నీడనే విశ్రమించువారు. ఊరు పెరిగెను. ఒకనాడు ఆ తోపును ఇండ్ల స్థలములుగను, అంగళ్లుగను విభజించి, వచ్చిన ధనముతో ఊరికి మేలు చేయవచ్చునను ప్రతిపాదన వచ్చినది. సభలో నలుగురు పెద్దలు సంతకములు చేసిరి. చదువుకొన్నవాడనని నన్నును చేయుమనిరి. నేనును చేసితిని. ఎదిరించి పలుకుటకు మొగమాటపడితిని. చెట్లు మూడు దినములలో నేలకూలినవి. వచ్చిన ధనము రెండేండ్లలో ఖర్చయినది. నేడా యూరి పిల్లలు లారీలు తిరుగు రోడ్డు ప్రక్కన బంతి యాడుకొనుచున్నారు. బస్సుకై నిలుచు స్త్రీలు చైత్రవైశాఖముల యెండలో కొంగు తలపై కప్పుకొని యంగడి గోడల నీడ వెదకుకొనుచున్నారు. ఆ నాలుగెకరములను మరల కొనవలెనన్న ఊరంతయు చందా వేసినను చాలదు. నా సంతకమును నేను చెఱిపివేయలేను గాని, మీ సంతకము నడుగువారు వచ్చినప్పుడు మీరు నాకంటె దృఢముగా నిలుతురను నాశతో నీ ప్రసంగమునకు పూనుకొంటిని.

మన పూర్వులు వనమునకు ఎంతటి గౌరవ మొసగిరో మీరెఱుగుదురు. పుత్రుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అను నేడింటిని సప్తసంతానములనిరి. కన్నకొడుకుతో సమానముగా తోపును లెక్కించిన జాతి మనది. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అశోకచక్రవర్తి బాటల ప్రక్కన మనుష్యులకును పశువులకును నీడకై మఱ్ఱిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు పెంచి బావులు త్రవ్వించితిననియు స్తంభశాసనమున చెక్కించెను. కౌటిల్యుని యర్థశాస్త్రమున పురోపవనములందలి చెట్లను గాయపఱచినవారికి దండన విధింపబడినది. పూవులు, పండ్లు, నీడ యొసగు చెట్టు చిగురు ద్రుంచినవానికి 6 పణములు, చిన్నకొమ్మ నఱకినవానికి 12 పణములు, పెద్దకొమ్మకు 24 పణములు. మ్రాను నఱకినచో నింకను హెచ్చు. ఊరి పొలిమేర గుర్తుగా నున్న చెట్టునకును, పూజలందు చెట్టునకును దండన రెట్టింపు. దీనినిబట్టి ఉమ్మడి వనమును కాపాడుట కేవలము పుణ్యకార్యము గాక, పరిపాలనలో నొక భాగమని తెలియుచున్నది గదా.

వనమువలన కలుగు మేలును లెక్కించుట కష్టము గాదు. చెట్టు నేలలోని నీటిని వేళ్లతో పీల్చి ఆకులద్వారా ఆవిరిగా విడుచును. ఆ యావిరి పోవునపుడు చుట్టునున్న వేడిని కొంత తనతో గొనిపోవును. కుండలోని నీరు చల్లబడుటకును కారణ మిదియే. కావుననే రేకుల నీడకంటె వేపనీడ చల్లన. సిమెంటు పఱచిన వీధి పగలు గ్రోలిన వేడిని రాత్రియందు విడుచుచుండును. చెట్లున్న మట్టినేల అట్లు కాదు. వానకాలమున బోదెల నడుమ మట్టి నీటిని లోనికి గ్రహించును. బావులకు ఊట నిలుచును. వరద వచ్చినప్పుడు ఖాళీ నేలయే నీటికి చోటిచ్చును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదున మూసీ పొంగి వేలకొలది జనులు మరణించిరి. అప్పుడు నదీతీరపు తోటయందలి యొక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా వైద్యశాల యావరణలో నేటికిని గలదు. దానిని నాటిననాడు ఇట్టి యుపయోగము కలుగునని ఎవరూహించిరి?

ఇక ఆచరణకు వత్తము. మొదటిపని నేలను గుర్తించుట. గ్రామపటమును ముందు పెట్టుకొని, కరణపు లెక్కలెఱిగిన వృద్ధులను వెంటబెట్టుకొని, ఊరంతయు నొకదినము కాలినడకను తిరుగుడు. అడంగలులో గాని పహాణీలో గాని పోరంబోకని, బంచరాయని, తోపని, చెఱువు శిఖమని వ్రాసియున్న ప్రతి నంబరును విస్తీర్ణముతో గూడ నొక పట్టికలో వ్రాయుడు. పాతబావి చుట్టునున్న చోటు, గుడి ముందరి మైదానము, రచ్చబండ, కాలువగట్టు, కూలిన చావడి స్థలము, ఏదియు విడువవలదు. ఆ పట్టికను గ్రామసభలో చదివి వినిపించి, తీర్మానము చేసి, సర్వేయరుచే కొలిపించి, హద్దురాళ్లు పాతింపుడు. ఊరి చివర నెవరైన లేఅవుటు వేసినచో, ఉమ్మడి ఉపయోగమునకై కొంత నేల విడువవలెనను నియమము కలదు. ఆంధ్రప్రదేశమున 2017 నాటి నియమములు దీనిని పదియవ వంతుగా నిర్ణయించినవి. ఆ నేల స్థానికసంస్థ పేర రిజిష్టరు దానపత్రముద్వారా వచ్చినదో లేదో విచారింపుడు. వచ్చినచో నెక్కడ వచ్చినదో చూడుడు. కరెంటు తీగల క్రింది సందునో, వాగులోని గుంటనో విడిచి, అదియే పార్కని పటమున ఆకుపచ్చ రంగు పూయువారు లేకపోలేదు.

అట్లు కేటాయించిన నేలను తరువాత మార్చుకొనవచ్చునా? ఈ విషయమున మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన రెండు తీర్పులు ప్రతి గ్రామపెద్దయు నెఱుగదగినవి. బెంగుళూరులో నొక పేటయందు పార్కునకై విడిచిన స్థలమును పిదప నొక ప్రైవేటు సంస్థకు వైద్యశాల కట్టుటకై యిచ్చిరి. ఆ పేట నివాసులు న్యాయస్థానమున కేగిరి. 1991వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానము ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. వైద్యశాల మంచిదే, కాని దానికొఱకు ప్రజల పార్కును తీసికొనుటకు అధికారులకు హక్కు లేదని దాని సారాంశము. రెండవది 2011వ సంవత్సరము జనవరి 28వ తేదీ తీర్పు. పంజాబులోని పటియాలా జిల్లాయందు నొక గ్రామపు చెఱువు నేలను కొందరాక్రమించి ఇండ్లు కట్టుకొనిరి. ఆ యాక్రమణను తొలగించి, నేలను గ్రామమునకు తిరిగి యొప్పగింపవలెనని న్యాయస్థానము తీర్పు చెప్పి, అన్ని రాష్ట్రములును ఇట్టి గ్రామ ఉమ్మడి భూములను విడిపించుటకు పథకములు సిద్ధము చేయవలెనని యాదేశించినది.

ఇందొక ధర్మసూక్ష్మము కలదు. భూమిలేని కూలీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ప్రభుత్వమే పట్టా యిచ్చియుండిన సందర్భములను, పాఠశాలవంటి ప్రజోపయోగ కట్టడములున్న చోట్లను ఆ తీర్పే మినహాయింపులుగా నెంచినది. కావున గుడిసె వేసికొన్న నిరుపేదను ఎండలో నిలువబెట్టి మనము నీడతోపు నాటుకొనుట ధర్మము గాదు. వానికి వేఱుచోట ఇంటిస్థలము ముందు చూపి, పిదపనే కదలుమనవలెను. పది గుంటలు కలుపుకొన్న పెద్దరైతును మాత్రము మొగమాటము లేక అడుగవలెను.

ఎంత నేల కావలెను? 2014వ సంవత్సరమున భారతప్రభుత్వము వెలువరించిన పట్టణప్రణాళికా సూచనలలో మనిషికి 10 నుండి 12 చదరపు మీటర్ల వెలిస్థలముండుట మేలని చెప్పబడినది. అనగా 5,000 జనులున్న ఊరికి 50,000 చదరపు మీటర్లు, సుమారు పండ్రెండున్నర యెకరములు. ఇంత యెక్కడ దెత్తుమని భయపడవలదు. ఇది యంతయు నొకేచోట నుండనక్కరలేదు. చెఱువుగట్టు, బడి మైదానము, పాత తోపు, వీధిమొగల చిన్నస్థలములు కలిసి ఆ లెక్కకు చేరువగును. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డీస్ అను జీవశాస్త్రజ్ఞుడు 1914లో మన దేశమునకు వచ్చి అనేక పట్టణములను పరిశీలించెను. ఇండ్లను కూల్చి తిన్నని వీధులు వేయుటకంటె, పాడుపడిన చిన్నచిన్న స్థలములను శుభ్రపఱచి చెట్లు నాటుట చౌకయు, క్షేమమునని ఆయన బోధించెను. దోమలను మిషతో చెఱువులను పూడ్చవలదని, వానిని బాగుచేసి నిలుపుకొనుడని వాదించెను. ఆ హితవు నేటికిని పాతబడలేదు.

ఇక స్థలమును తీర్చిదిద్దుట. మొట్టమొదట గోడయు, ద్వారముపై పేరుఫలకమును కట్టి ఉన్న ధనమంతయు వానికే వ్యయపఱచుట మన యలవాటైనది. ఆ పని కడపట చేయవచ్చును. వారము దినములు ఊరక చూడుడు. జనులెటు నడచుచున్నారో, ఏ వేళ నెవరు వత్తురో కనిపెట్టుడు. జనుల పాదములు వేసిన త్రోవనే బాటగా మార్చుడు. తిన్నని గీతకై దానిని ద్రిప్పినచో జనులు గడ్డి త్రొక్కియైనను పాతత్రోవనే పోవుదురు. వృద్ధులకును, చక్రముల కుర్చీలోని వారికిని అనుకూలముగా మెట్లు లేని వాలుబాట యుండవలెను. కంచె మోకాలియెత్తు చాలును. లోపల నేమి జరుగునో వీధికి కనబడినప్పుడే స్త్రీలు ధైర్యముగా రాగలరు. త్రాగునీరు, మరుగుదొడ్డి, ఒకటి రెండు దీపములు తప్పనిసరి. పసిపిల్లలకు ఇసుకగుంటయు ఉయ్యాలయు, పెద్దపిల్లలకు చెట్లులేని చదునునేలయు వేఱువేఱుగా నుంచుడు. బంతి యాటకు చోటు లేనిచో మొక్కలే గోలుపోస్తంభములగును. పశువులకు వెలుపలనే యొక నీటితొట్టి కట్టినచో లోపలి మొక్క బ్రతుకును.

నాటుటయందు మన శాస్త్రములును నేటి యనుభవమును ఒక్కటియే చెప్పుచున్నవి. 6వ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు వృక్షాయుర్వేదమునకు ఒక యధ్యాయము కేటాయించెను. గట్టున నీడలేని జలాశయము మనోహరము గాదు గనుక జలప్రాంతములందు తోటలు వేయుడని దాని యారంభము. వేప, అశోకము, పున్నాగము, శిరీషము మున్నగునవి మంగళకరములు గనుక ముందుగా నాటుమనును. చెట్టునకు చెట్టునకు నడుమ 20 మూరలుత్తమము, 16 మధ్యమము, 12 కన్న తక్కువ తగదని నిర్ణయించెను. మూర అడుగున్నర గనుక, ఇది ముప్పది, ఇరువదినాలుగు, పదునెనిమిది అడుగులగును. నేడు లెక్క చూపుటకై ఆఱడుగుల కొకటి నాటి, రెండేండ్లకు అన్నియు నొకదాని నొకటి యణచుకొనగా చూచి విచారించుచున్నాము. మన యెండలకు ఓర్చునట్టి వేప, కానుగ, చింత, నేరేడు, పొగడ, రావి, మఱ్ఱి మొదలగువాని నెన్నుకొనుడు. రావి, మఱ్ఱి కట్టడములకు దూరముగా, విశాలమైనచోట నుండవలెను. త్వరగా పచ్చబడునని కోనోకార్పస్ నాటించుట కొంతకాల మాచారమైనది. పుప్పొడివలన శ్వాసబాధలు కలుగుననియు, వేళ్లు నీటిగొట్టములను చెఱచుననియు చెప్పి గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నిషేధించినది. తొలకరికి నెలముందే మూడడుగుల గుంటలు త్రవ్వి యెండనిచ్చి, పైమట్టిని పశువులయెరువుతో కలిపి నింపి, మంచివాన పడిన పిదప నాటుడు. మొదలు చుట్టును ఆకుచెత్త పఱచినచో తడి యాఱదు. మొదలివఱకు సిమెంటు పోయువాడు చెట్టు గొంతు పిసికినవాడే యని తెలియుడు.

నాటుట ఒక పూట పని. పెంచుట మూడేండ్ల పని. 1950వ సంవత్సరమున మున్షీగారు ఆరంభించిన వనమహోత్సవము మొదలు నేటివఱకు మనము నాటిన మొక్కలన్నియు బ్రతికియుండినచో మన గ్రామములు దండకారణ్యములై యుండవలసినది. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామపంచాయతీకి నర్సరీ యుండవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు విధించినది. నాటిన లెక్కకంటె బ్రతికిన లెక్క ముఖ్యమని చట్టమే యొప్పుకొనుట మంచి మాట. వేసవిలో ఉదయము సాయంకాలమును, శీతకాలమున దినము విడిచి దినమును, వానకాలమున నేల యెండినప్పుడును నీరు పోయవలెనని వరాహమిహిరుడే చెప్పెను. ఇన్ని మార్లు పోయుటకు జీతముగల మనిషి యొకడు కావలెను. అందఱును పోయుదుమనిన ఎవ్వరును పోయరు. వాని జీతమునకు మార్గ మేది? తోపులో కొంతభాగమున చింత, మామిడి, నేరేడు పెంచి, కాపును ఏటేట బహిరంగముగా వేలము వేయుడు. ఆ సొమ్మును తోపునకే వ్యయము చేసి, జమాఖర్చులను ఉగాదినాడు గ్రామసభలో చదువుడు. పర్యవేక్షణకు నేర్పరచు సంఘమున స్త్రీలును, అన్ని వాడలవారును, ఇద్దరు యువకులును ఉండవలెను. ఒక్క వాడవారే యేలు తోపు ఉమ్మడితోపు గాజాలదు.

సోదరులారా! మీరు నేడు నాటు చింతచెట్టు నీడను పూర్తిగా ననుభవించుట మీకును నాకును దక్కకపోవచ్చును. మన యీడు గడచిపోయినది. కాని హద్దురాయి పాతుట, తీర్మానమున నొక పంక్తి వ్రాయించుట, అక్కరలేని కాగితముపై సంతకము చేయనని చెప్పుట, ఈ మూడు పనులకును బలమైన దేహ మక్కరలేదు. స్థిరమైన మనస్సు చాలును. రాబోవు గ్రామసభ నాటికి మీ యూరి ఉమ్మడి నేలల పట్టిక నొకదానిని సిద్ధపఱచుడు. మీ పేర్లు తెలియని పిల్లలు ఏబది యేండ్ల పిదప ఆ నీడలో నాడుకొందురు. వారు మిమ్ము తలపకపోయినను ఆ నీడ చల్లగానే యుండును.